తెరచాప ఓడ మీద ప్రతి తాడుకూ ఓ పేరు: మాస్టులు, యార్డులు, రిగ్గింగ్ వెనక ఉన్న లెక్క

క్లుప్తంగా: పెద్ద తెరచాప ఓడ మీద కొయ్యలకూ తాళ్లకూ కలిపి వందల పేర్లుంటాయి. వాటిలో చాలావరకు మూడు ముక్కలు కలిపి కట్టినవే: ఏ మాస్టు (చాపల్ని మోసే నిలువు కొయ్య), ఎంత ఎత్తులో, ఏ పనికి. తాళ్లలో కదలనివి కొయ్యను నిలబెడతాయి, కదిలేవి చాపను ఆడిస్తాయి. ఈ రెండు విషయాలు పట్టుబడితే హుస్సేన్ సాగర్‌లో తిరిగే చిన్న పడవైనా, నౌకాదళం శిక్షణ ఓడైనా ఒకే పద్ధతిలో అర్థమవుతుంది.

మేకు ఒక్కటీ కొట్టకుండా, పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి కట్టిన భారత నౌకాదళ తెరచాప ఓడ ‘ఐఎన్ఎస్‌వీ కౌండిన్య’. అజంతా గుహల్లోని 5వ శతాబ్దపు చిత్రం ఆధారంగా తయారైన ఈ ఓడ, ఇంజిన్ లేకుండానే 2025 డిసెంబర్ 29న పోర్‌బందర్‌లో బయలుదేరి 2026 జనవరి 14న మస్కట్ చేరింది. అంతకు కొన్ని నెలల ముందు, 2025 మే 17 రాత్రి, మెక్సికో నౌకాదళ శిక్షణ ఓడ ‘క్వాతెమోక్’ న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెనకు తగిలింది. మూడు మాస్టుల పైభాగాలూ విరిగాయి, ఇద్దరు చనిపోయారు. ఈ రెండు వార్తలూ చదివినవాళ్లకు యార్డ్, టాప్‌మాస్ట్, స్టే, బ్రేస్, షీట్ లాంటి మాటలు ఒక్కసారిగా ఎదురయ్యాయి. వాటిలో ఏది కొయ్యో ఏది తాడో తేలక చాలామంది అక్కడే ఆగిపోయారు.

హైదరాబాద్‌కు సముద్రం లేదు గానీ తెరచాప పడవలకు లోటు లేదు. ఏటా వానాకాలపు గాలులు మొదలయ్యాక హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ పోటీలు జరుగుతాయి. ట్యాంక్‌బండ్ మీద నిలబడి చూసేవాళ్లకు తెల్లటి చాపలు అటూ ఇటూ తిరగడం కనిపిస్తుంది కానీ, ఆ చాపను ఏది పట్టుకుంది, ఏది తిప్పుతోంది అన్నది అంత దూరం నుంచి తెలియదు. ఈ పేర్లన్నీ పాతకాలపు నావికులు తోచినట్టు పెట్టుకున్నవేమో అనిపించడం సహజం. నిజానికి వీటి వెనక గట్టి లెక్కే ఉంది.

కొయ్యలు: పేరు చెప్పేది చోటునే

చాపను మోసే కొయ్యలన్నింటినీ కలిపి స్పార్లు అంటారు. నిలువుగా ఉండేది మాస్ట్. మాస్టుకు అడ్డంగా ఉండి చాప పై అంచును మోసేది యార్డ్. చాప కింది అంచును పట్టుకుని మాస్టు నుంచి వెనక్కి సాగేది బూమ్. నాలుగు మూలల చాప పై అంచున, మాస్టు నుంచి ఏటవాలుగా పైకి లేచేది గ్యాఫ్. ఓడ ముక్కు దాటి ముందుకు పొడుచుకొచ్చేది బౌస్ప్రిట్. ఆకారం చూస్తే వీటిలో సగం ఒకేలా ఉంటాయి, అన్నీ రెండు చివర్లా సన్నబడిన గుండ్రటి దుంగలే. ఓడలో ఆ దుంగ ఎక్కడుంది, చాపలో ఏ అంచును పట్టుకుంది అన్నదాన్ని బట్టి పేరు వస్తుంది.

మాస్టులకూ అంతే. మూడు మాస్టుల ఓడలో ముందున్నది ఫోర్‌మాస్ట్, నడుమ ఉన్నది మెయిన్‌మాస్ట్, వెనకది మిజెన్. పెద్ద ఓడల్లో ఈ మాస్టు ఒకే దుంగ కాదు. కింది ముక్క లోయర్ మాస్ట్, దాని మీద టాప్‌మాస్ట్, ఆ పైన టాప్‌గ్యాలెంట్, ఇంకా పైన రాయల్. కింది ముక్క పైచివరా, పై ముక్క కిందిచివరా కొంత మేర పక్కపక్కన నిలబడేలా జోడించి బిగిస్తారు. ‘టాప్‌మాస్ట్’ అన్నది వినగానే అన్నిటికన్నా పైనుండే ముక్క అనుకుంటారు. అది కింది నుంచి రెండోది.

ఇలా ముక్కలుగా కట్టడానికి మొదటి కారణం చెట్టు. బ్రిటన్‌లో పోర్ట్స్‌మత్‌లో ఉన్న యుద్ధనౌక ‘విక్టరీ’ మెయిన్‌మాస్టు నీటిమట్టం నుంచి సుమారు 62 మీటర్లు ఉండేది. అంత పొడవు, దానికి తగ్గ లావు, మధ్యలో పెద్ద ముడి లేకుండా పెరిగే చెట్టు దొరకడం అసాధ్యం. రెండో కారణం వాతావరణం. తుపాను పట్టినప్పుడు పై ముక్కల్ని విప్పి డెక్ మీదకి దించేస్తే పైబరువు తగ్గుతుంది, ఓడ ఊగడం తగ్గుతుంది. మూడోది మరమ్మతు: విరిగిన ముక్కను మాత్రమే మార్చుకోవచ్చు, మాస్టు మొత్తం పీకనక్కర్లేదు.

కలప ఎంపికలోనూ ఇదే ఆలోచన కనిపిస్తుంది. ఓడ ఒడలికి టేకును మించిన కలప లేదని 18, 19 శతాబ్దాల నౌకా నిర్మాతలు ఒప్పుకున్నారు. 1817లో బొంబాయిలో టేకుతో కట్టిన ‘ట్రింకోమలీ’ ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని హార్ట్‌లీపూల్‌లో నీళ్ల మీద తేలుతోంది. అయినా మాస్టులకు తేలికగా, నిటారుగా ఉండే పైన్ లాంటి కలపనే ఎక్కువగా ఎంచుకునేవారు. మన దేశంలో పొన్న జాతి చెట్లను మాస్టులకూ యార్డులకూ వాడేవారు. ఎత్తులో ఉండే ప్రతి కిలో ఓడను పక్కకు వాల్చడానికి చూస్తుంది. అందుకే పైన గట్టిదనంతో పాటు తేలికదనం, కాస్త వంగే గుణం కూడా కావాలి.

కదలని తాళ్లు

రిగ్గింగ్ అంటే తాళ్ల ఏర్పాటు. ఇది రెండు రకాలు. ఒకసారి బిగించాక రోజువారీ పనిలో ముట్టుకోనిది స్టాండింగ్ రిగ్గింగ్. లాగుతూ వదులుతూ ఉండేది రన్నింగ్ రిగ్గింగ్. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం అయోమయం అక్కడితో పోతుంది.

చాప మీద గాలి పెట్టే బలం డెక్‌కి చాలా ఎత్తున పనిచేస్తుంది. మాస్టు ఒంటరిగా నిలబడితే ఆ బలమంతా దాని మొదట్లో విరుపుగా పడుతుంది. దాన్ని ఆపడానికి నాలుగు వైపులా తాళ్లు దిగుతాయి. ముందుకు దిగేవి స్టేలు, వెనక్కి దిగేవి బ్యాక్‌స్టేలు, రెండు పక్కలకూ దిగేవి ష్రౌడ్‌లు. పాత ఓడల ఫొటోల్లో మాస్టుకు ఇరువైపులా నిచ్చెనలా కనిపించేది ష్రౌడ్‌ల వరసే. వాటి మధ్య అడ్డంగా కట్టిన సన్నతాళ్లను రాట్‌లైన్‌లు అంటారు. నావికులు వాటి మీద కాళ్లు పెట్టి పైకి ఎక్కుతారు.

ఇక్కడ కోణం చాలా ముఖ్యం. మాస్టు పైచివరను పక్కకు పడకుండా ఆపడానికి 100 కిలోల అడ్డబలం కావాలనుకుందాం. ష్రౌడ్ మాస్టుతో 12 డిగ్రీల కోణంలో దిగితే ఆ తాడులో సుమారు 480 కిలోల బిగువు పుడుతుంది. అదే 20 డిగ్రీలైతే 290 కిలోలు చాలు. కోణం సన్నబడే కొద్దీ తాడు తన బలంలో ఎక్కువ భాగాన్ని మాస్టును కిందికి నొక్కడానికే ఖర్చు చేస్తుంది, పక్కకు ఆపడానికి కాదు. అందుకే పాత ఓడల్లో ష్రౌడ్‌ల కింది చివరలను డెక్ అంచున కాకుండా, ఓడ పక్కల నుంచి బయటికి చొచ్చుకొచ్చే మందపాటి పలకలకు బిగించేవారు. చూపులకు అలంకారంలా ఉండే ఆ పలకలు కోణాన్ని కొన్ని డిగ్రీలు పెంచడం కోసమే ఉన్నాయి. ఇప్పటి యాట్‌లలో (విహారానికీ పోటీలకూ వాడే తెరచాప పడవల్లో) అదే పనిని మాస్టు మధ్యలో రెండు వైపులా చేతుల్లా చాచి ఉండే స్ప్రెడర్లు చేస్తున్నాయి.

ఈ ఏర్పాటుకు ఒక బలహీనత ఉంది. ఇందులో తాళ్లు లాగుతాయి, మాస్టు నొక్కుకుంటుంది. ఒకటి పోతే రెండోది నిలవదు. ఒక్క తీగ తెగినా, ఒక్క పిన్ను ఊడినా లెక్క మొత్తం తప్పి మాస్టు క్షణాల్లో కూలవచ్చు. ఓడ తలకిందులయ్యేంతగా దొర్లినా అంతే. 2018 సెప్టెంబర్ 21న దక్షిణ హిందూ మహాసముద్రంలో, ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేస్‌లో ఉన్న భారత నౌకాదళ అధికారి అభిలాష్ టోమీ పడవ ‘తురీయా’ తుపానులో మాస్టులు పోగొట్టుకుంది. ఆయన వెన్నుకు తీవ్రమైన గాయమైంది, మూడు రోజుల తర్వాత రక్షించారు. ఇలాంటప్పుడు విరిగిన మాస్టు తాళ్లతోనే పడవకు అంటుకుని ఉంటుంది, ప్రతి అలకూ వచ్చి ఒడలికి గుద్దుకుంటుంది. అందుకే సముద్రం మీదకి వెళ్లే యాట్‌లలో తీగలు కోసే కట్టర్లు ఉంచుకుంటారు. అభిలాష్ తర్వాతి గోల్డెన్ గ్లోబ్ పోటీని 2023 ఏప్రిల్‌లో పూర్తి చేసి రెండో స్థానంలో నిలిచారు.

బ్రూక్లిన్ ప్రమాదంలో ఇదే గుణం మరో రకంగా కనిపించింది. క్వాతెమోక్ మాస్టులు సుమారు 48 మీటర్ల ఎత్తు, వంతెన కింద జాగా సుమారు 41 మీటర్లు. దెబ్బ పడింది పై ముక్కల మీద. అప్పటికి యార్డుల మీద నావికులు నిలబడి ఉన్నారు. విరిగిన ముక్కల్లో చాలావరకు కింద పడకుండా తాళ్లకే వేలాడటం, కింది మాస్టులు నిలబడే ఉండటం ఫొటోల్లో కనిపించాయి. ఒకదానికొకటి ముడిపడిన స్టేలూ ష్రౌడ్‌లూ ఆ బరువును పట్టి ఉంచాయి.

తాడు దేనితో చేశారన్నదీ ముఖ్యమే. యూరప్ ఓడలు గంజాయి జాతి మొక్క నారైన హెంప్‌ను తారులో ముంచి వాడేవి. హిందూ మహాసముద్రంలో కొబ్బరి పీచు తాడు నడిచింది. అది తేలిక, ఉప్పునీటికి త్వరగా చెడదు, కానీ సాగుతుంది. సాగే తాడు దెబ్బను మింగుకుంటుంది, అయితే తరచూ బిగించుకోవాలి. 19వ శతాబ్దం మధ్య నుంచి ఇనుప తీగ వచ్చాక మాస్టులు ఎత్తు పెరిగాయి, చాపలూ పెరిగాయి. 1869లో నీళ్లలోకి దిగిన తేయాకు ఓడ ‘కటీ సార్క్’ అంత వేగంగా పోగలిగిందంటే అందులో ఇనుప తీగల పాత్ర చిన్నది కాదు.

కదిలే తాళ్లు

రన్నింగ్ రిగ్గింగ్‌లో పేరు పనిని చెబుతుంది. చాపనో యార్డునో పైకి ఎత్తేది హాల్యార్డ్. చాప కింది మూలను లాగి పట్టేది షీట్. ఇది వినగానే గుడ్డ అనుకునే ప్రమాదం ఉంది; ఇది తాడు. యార్డును గాలికి తగ్గట్టు అటూ ఇటూ తిప్పేది బ్రేస్. యార్డు చివర్లు వాలకుండా పైనుంచి పట్టుకునేది లిఫ్ట్. చాప కింది మూలల్ని యార్డు దగ్గరికి ముడిచేది క్లూలైన్, చాప నడిమిభాగాన్ని పైకి లాగేది బంట్‌లైన్. మోకు లావును బట్టి కాదు, అది చేసే పనిని బట్టే పేరు.

ఒక్క టాప్‌సెయిల్ (టాప్‌మాస్టు మీది చాప) విప్పడం చూస్తే ఇవన్నీ ఎలా కలిసి పనిచేస్తాయో తెలుస్తుంది. ముందు కొందరు రాట్‌లైన్‌ల మీదుగా పైకెక్కి యార్డు మీదకి చేరతారు. యార్డు కింద వేలాడే ఫుట్‌రోప్ మీద కాళ్లు ఆనించి, పొట్ట యార్డుకు ఒత్తి, చాపను చుట్టి కట్టిన కట్లు విప్పుతారు. కింద డెక్ మీద ఉన్నవాళ్లు క్లూలైన్‌లు, బంట్‌లైన్‌లు వదిలేసి షీట్లు లాగుతారు. చాప కింది మూలలు కింది యార్డు చివర్లకు చేరతాయి. అప్పుడు హాల్యార్డ్ లాగి పై యార్డును ఎత్తుతారు, చాప బిర్రుగా అవుతుంది. చివర్లో బ్రేస్‌లతో యార్డును గాలికి సరిచేస్తారు. ఈ వరసలో ఒక్కటి తారుమారైనా, అంటే క్లూలైన్ వదలకుండా షీటు లాగినా, మనుషుల బలం ఒకదానికొకటి ఎదురై చాప చిరుగుతుంది, లేదా తాడు తెగుతుంది.

మనుషుల బలం పరిమితం కాబట్టి కప్పీలు వచ్చాయి. నాలుగు పాయలుగా తిరిగిన తాడుతో ఒక మనిషి రాపిడి పోను మూడింతల బరువు లాగగలడు, కానీ నాలుగింతల తాడు లాగాలి. పెద్ద ఓడ మీద కిలోమీటర్ల కొద్దీ తాడు ఉండటానికి అసలు కారణం ఇదే. విక్టరీ మీద సుమారు 42 కిలోమీటర్ల తాళ్లు, కటీ సార్క్ మీద సుమారు 18 కిలోమీటర్లు. కటీ సార్క్ చిన్నదేమీ కాదు. తీగ, మెరుగైన కప్పీలు, తక్కువమంది సిబ్బంది అనే అవసరం తాళ్ల పొడవును తగ్గించాయి. అదే అవసరం 1850ల నుంచి పెద్ద టాప్‌సెయిల్‌ను రెండుగా, పైదీ కిందిదీగా, విడగొట్టించింది. ఓడ యజమానులు జీతాలు తగ్గించుకోవాలనుకున్నారు, తక్కువమంది పట్టాలంటే చాప చిన్నదవ్వాలి. కొత్త పేర్లు చాలావరకు ఇలాంటి డబ్బు లెక్కల వల్లే పుట్టాయి.

చీకట్లో సరైన తాడు

‘మెయిన్ టాప్‌గ్యాలెంట్ బ్రేస్, ఎడమది’ అని కేక వినిపించిందనుకుందాం. మెయిన్ అంటే నడిమి మాస్టు. టాప్‌గ్యాలెంట్ అంటే మూడో అంతస్తు. బ్రేస్ అంటే యార్డును తిప్పే తాడు. ఇక మిగిలింది ఏ పక్క అన్నది. హైదరాబాద్ పాత ఇంటి నంబర్లలో వార్డు, బ్లాక్, ఇల్లు అని మూడు అంకెలు వరసగా ఉన్నట్టే ఇదీ. చూడని ఇంటిని కూడా నంబరు పట్టుకుని వెతుక్కోవచ్చు. మాస్టుల పేర్లు మూడు, అంతస్తులు నాలుగైదు, పనులు పది లోపు. ఈ ఇరవై లోపు మాటలు వస్తే వందల పేర్లు వాటంతటవే తయారవుతాయి. బట్టీ పట్టాల్సిన అవసరం లేదు.

పేరుతో పాటు తాడు కట్టే చోటు కూడా స్థిరమే. డెక్ అంచున ఉండే చట్రంలో వరసగా బిలేయింగ్ పిన్నులు గుచ్చి ఉంటాయి. కింది చాపల తాళ్లు ముందువైపు పిన్నులకు, పైచాపల తాళ్లు వెనకవైపు పిన్నులకు కట్టడం మామూలు. ఒక ఓడ మీద నేర్చుకున్నవాడు మరో ఓడ ఎక్కినా అమావాస్య రాత్రి తడుముకుంటూ లెక్కబెట్టి సరైన తాడును అందుకోగలడు. తుపానులో చూపు ఆనదు, మాట సగమే వినపడుతుంది, తప్పు తాడు వదిలితే పైన యార్డు మీద ఉన్న మనిషి ప్రాణం పోతుంది. పేర్లు, వరసలు ఇంత కచ్చితంగా స్థిరపడటానికి ఈ భయమే మూలం.

అనేక భాషల సిబ్బంది ఉన్న ఓడల్లో ఈ అవసరం రెట్టింపు. ఈస్టిండియా కంపెనీ కాలంలో మన తీరాల నుంచి వెళ్లిన లస్కర్లకు, అంటే కూలికి పనిచేసే నావికులకు, యూరప్ అధికారుల ఆజ్ఞలు అర్థమయ్యేలా థామస్ రోబక్ హిందుస్తానీ నౌకా నిఘంటువును తయారుచేస్తే, అది 1811లో కలకత్తాలో అచ్చయింది. అందులో ఉన్నది సాహిత్య భాష కాదు, మాస్టుల మీదా తాళ్ల మీదా వేసే కేకల భాష. లస్కర్ల పెద్దలైన సరంగులు ఆ కేకల్ని సిబ్బందికి అందించేవారు.

చాప తీరును బట్టి ఓడ పేరు

బార్క్, బ్రిగ్, స్కూనర్, స్లూప్ అనే మాటలు ఒడలి ఆకారాన్ని కాక, మాస్టులు ఎన్ని, చాపలు ఏ రకం అన్నదాన్ని చెబుతాయి. చాపలు రెండు రకాలు. యార్డు మీద అడ్డంగా పరుచుకునేది స్క్వేర్ చాప. ఓడ పొడవు వెంబడి, మాస్టుకో స్టేకో అంచును పట్టుకుని ఉండేది ఫోర్ అండ్ ఆఫ్ట్ చాప.

భారత నౌకాదళం శిక్షణ ఓడలు ఐఎన్ఎస్ తరంగిణి (1997), ఐఎన్ఎస్ సుదర్శిని (2012) రెండూ మూడు మాస్టుల బార్క్‌లు. ముందు రెండు మాస్టులకు స్క్వేర్ చాపలు, వెనక మిజెన్‌కు ఫోర్ అండ్ ఆఫ్ట్ చాపలు. 54 మీటర్ల పొడవున్న ఒక్కో ఓడకు 20 చాపలు. సుదర్శిని మీద సుమారు ఏడున్నర కిలోమీటర్ల తాడు, ఒకటిన్నర కిలోమీటర్ల ఉక్కు తీగ ఉన్నాయి. రెండు రకాల చాపలూ ఒకే ఓడ మీద ఉంచడం వల్ల క్యాడెట్లు రెండూ నేర్చుకుంటారు.

ఏ రకం మంచిది అన్నది గాలిని బట్టి తేలుతుంది. స్క్వేర్ చాపను తిప్పాలంటే యార్డు తిరగాలి. కొంత తిరిగాక యార్డు వెళ్లి ష్రౌడ్‌లకు అడ్డు తగులుతుంది. అందుకే స్క్వేర్ చాపల ఓడ ఎదురుగాలికి 65 డిగ్రీల లోపు దగ్గరగా పోవడం చాలా కష్టం. ఒకే మాస్టుకు ఫోర్ అండ్ ఆఫ్ట్ చాపలున్న స్లూప్ లాంటి పడవ దాదాపు 45 డిగ్రీల దాకా పోగలదు. గాలి వెనక నుంచో పక్క నుంచో వచ్చే సముద్రాల్లో మాత్రం స్క్వేర్ చాపకు తిరుగులేదు. డిసెంబర్, జనవరి నెలల్లో అరేబియా సముద్రం మీద ఈశాన్య గాలులు వీస్తాయి. స్క్వేర్ చాపల కౌండిన్య సరిగ్గా ఆ రోజుల్లోనే పడమటికి బయలుదేరింది. ఆ ఓడకు చుక్కాని బదులు వెనకభాగంలో పక్కల నుంచి దిగే తెడ్లు ఉన్నాయి, కాబట్టి గాలివాటును నమ్ముకుని దారి ఎంచుకోవడం మరింత అవసరం.

హైదరాబాద్‌కు చెందిన బి. ఐశ్వర్య, విశాఖకు చెందిన పి. స్వాతి సహా ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు 2017 సెప్టెంబర్ నుంచి 2018 మే వరకు ప్రపంచాన్ని చుట్టివచ్చిన ఐఎన్ఎస్‌వీ తరిణి స్లూప్ రకం. ఒకే మాస్టు, దాని వెనక బూమ్ మీద మెయిన్‌సెయిల్, ముందు స్టే మీద మరో చాప. ఆరుగురు చాలడానికి కారణం ఈ అమరికే. చాప పనంతా డెక్ మీద నుంచే అవుతుంది, యార్డు మీదకి ఎక్కాల్సిన పని లేదు.

తెలుగు నేల మీద మాస్టుల జాడ

రెండో శతాబ్దం చివర్లో పాలించిన శాతవాహన రాజు శ్రీ యజ్ఞ సాతకర్ణి నాణేల మీద రెండు మాస్టుల ఓడ బొమ్మ ఉంది. ఒక రాజు తన నాణెం మీద ఓడను వేయించుకున్నాడంటే సముద్ర వ్యాపారం రాజ్యానికి ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. ఒకే మాస్టు కాకుండా రెండు చూపించడం, ఆ ఓడలు తీరం పట్టుకు తిరిగే చిన్న నావలు కావనడానికి బలమైన సూచన.

గాలి మీద ఆధారపడ్డ ఓడకు గాలే ముప్పు కూడా. ఓరుగల్లు నుంచి పాలించిన కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం ఈ సంగతినే పట్టించుకుంది. తుపానుకు దారితప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు స్వాధీనం చేసుకునేవారు. ఇకపై నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ తీసుకోబోమని ఆ శాసనం హామీ ఇచ్చింది. మాస్టు విరిగి, చాప చిరిగి వచ్చిన వ్యాపారికి అంతకన్నా విలువైన మాట ఉండదు.

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం నుంచి అరేబియాకూ బర్మాకూ ఓడలు నడిచాయి. హుస్సేన్ సాగర్ తవ్వించింది కూడా ఆ వంశం పాలనలోనే, 1562 ప్రాంతంలో. 17వ శతాబ్దంలో నరసాపురం దగ్గర ఇంగ్లిష్, డచ్ వర్తకులు ఓడలు కట్టించుకునేవారు, బాగుచేయించుకునేవారు. తర్వాతి కాలంలో గోదావరి పాయల్లో ఉన్న కోరంగి ఓడల నిర్మాణానికి పేరుపడింది. 1839 తుపాను ఆ ఊరిని దాదాపు తుడిచిపెట్టింది. ఆవిరి ఓడలు వచ్చాక మిగిలిన పనివాళ్లకు కూడా పని తగ్గిపోయింది. మాస్టు నిలబెట్టడం, తాడు బిగించడం తెలిసిన చేతులు తరం తర్వాత తరం కరిగిపోవడం నిజంగా పెద్ద నష్టం.

హుస్సేన్ సాగర్‌లో ఏం మిగిలింది, ఏం పోయింది

ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ లాంటి సంస్థలు నడిపే పోటీల్లో ఎక్కువగా కనిపించేది లేజర్ పడవ. దాన్ని ఇప్పుడు ఇల్కా అంటున్నారు. పొడవు 4.2 మీటర్లు, తోలేది ఒక్కరే. మాస్టు రెండు ముక్కల గొట్టం. చాప ముందు అంచు పొడవాటి గొట్టపు సంచీలా కుట్టి ఉంటుంది. దాన్ని మాస్టుకు తొడిగి, మాస్టును డెక్‌లో ఉన్న గుంతలోకి దింపుతారు. అంతే, హాల్యార్డ్ అవసరం లేదు. స్టేలు లేవు, ష్రౌడ్‌లు లేవు. 7.06 చదరపు మీటర్ల చాపకు ఆ గుంతే చాలినంత పట్టు ఇస్తుంది.

ఇక మిగిలినవి ముఖ్యంగా నాలుగే. చాపను లోపలికి లాగే మెయిన్‌షీట్, బూమ్ పైకి లేవకుండా కిందికి లాగే వాంగ్, చాప వెనక మూలను బూమ్ చివరికి లాగే అవుట్‌హాల్, ముందు అంచును కిందికి బిగించే కన్నింగ్‌హామ్. గాలి పెరిగినప్పుడు ఈ నాలుగూ కలిసి చాప పొట్టను చదును చేస్తాయి, పడవ వాలడం తగ్గుతుంది. సరస్సు చుట్టూ ఎత్తయిన భవనాలుండటంతో ఇక్కడ గాలి ఒకే తీరున రాదు, ఆగి ఆగి కొడుతుంది. చేతిలో ఉన్న షీటును క్షణం ఆలస్యంగా వదిలితే పడవ బోర్లాపడుతుంది. బరువు తక్కువున్న పోటీదారులకు అదే పడవ మీద చిన్న చాప, దానికి తగ్గ కింది మాస్టు ముక్క వేస్తారు: 5.76 లేదా 4.7 చదరపు మీటర్లు. మాస్టు ముక్కలుగా ఉండటం ఇలా ఇంకో రకంగా పనికొచ్చింది.

పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ పడవలో, చాప కింది ముందు మూల నుంచి పై వెనక మూల దాకా ఏటవాలుగా ఒక సన్నటి కర్ర కనిపిస్తుంది. అది స్ప్రిట్. దాని వల్ల మాస్టు పొట్టిగా ఉన్నా చాపకు ఎత్తు దొరుకుతుంది. పడవ పొడవు 2.3 మీటర్లే, మాస్టు పొడవైతే పిల్లలు మోయలేరు.

తాళ్లు లేకుండా చాపలు

2006లో వచ్చిన 88 మీటర్ల యాట్ ‘మాల్టీస్ ఫాల్కన్’ స్క్వేర్ చాపల ఓడే. కానీ దానికి ష్రౌడ్‌లు లేవు. మూడు కార్బన్ ఫైబర్ మాస్టులు ఎవరి ఆసరా లేకుండా నిలబడి, మొదట్లోనే తిరుగుతాయి. యార్డులు మాస్టుకు అతికి ఉంటాయి, కాబట్టి బ్రేస్‌లు అక్కర్లేదు. చాపలు మాస్టు లోపలికి చుట్టుకుంటాయి, కాబట్టి ఎవరూ పైకెక్కక్కర్లేదు. ష్రౌడ్‌లు తీసేయడంతో యార్డుకు అడ్డూ పోయింది. పాత స్క్వేర్ చాపల ఓడల కన్నా ఇది ఎదురుగాలికి దగ్గరగా పోగలదు.

సరుకు ఓడలూ ఈ దారి పడుతున్నాయి. 2050కి అటూ ఇటుగా నౌకారవాణాలో నికర ఉద్గారాలను సున్నా చేయాలని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2023లో లక్ష్యం పెట్టుకుంది. అదే ఏడాది ‘పిక్సిస్ ఓషన్’ అనే సరుకు ఓడ, 37.5 మీటర్ల ఎత్తున్న రెండు గట్టి రెక్కలతో సముద్రంలోకి వెళ్లింది. రెక్క మొత్తం మోటారుతో తిరుగుతుంది, రేవులో డెక్ మీదకి వాలిపోతుంది. హాల్యార్డ్, షీట్, బ్రేస్ చేసే పనులన్నీ ఇప్పుడు కంప్యూటర్ చేస్తుంది. ఇంజిన్ ఉంటుంది, ఇంధనం ఆదా చేయడమే రెక్కల పని.

అయినా చిన్న యాట్‌ల నుంచి శిక్షణ ఓడల దాకా ఎక్కువ భాగం తీగల్నే నమ్ముకుంటాయి. ఆసరా లేని మాస్టు విరుపు బలమంతా తన మొదట్లోనే మోయాలి. దానికి మందపాటి కార్బన్ ఫైబర్ కావాలి, దాన్ని పట్టే డెక్ కూడా అంతే గట్టిగా కట్టాలి, ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది. వేలెడు మందం కూడా లేని ఉక్కు తీగ, సరైన కోణంలో దిగితే, ఆ పని చాలా చవగ్గా చేస్తుంది. అందుకే స్టే, ష్రౌడ్ అనే పేర్లు ఇప్పట్లో వాడుకలోంచి పోయేవి కావు. బ్రేస్, క్లూలైన్, బంట్‌లైన్ లాంటివి మాత్రం తరంగిణి, సుదర్శిని లాంటి శిక్షణ ఓడల మీదే ఎక్కువగా వినిపిస్తాయి.